పురుగుని అతికించిన పేజీ: గ్రేస్ హాపర్ కథ

నేను ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియమే. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి, కాబట్టి మధ్యమధ్యలో ఇంగ్లీష్ మాటలు దొర్లుతాయి, ఏమనుకోకండి. ఈ సంచికకి ఎవరైనా గొప్పవాళ్ళ జీవితం రాయమన్నప్పుడు కవుల్నీ, స్వాతంత్ర్య సమరయోధుల్నీ అందరూ ముందే పంచేసుకున్నారు. నాకు మిగిలింది నా బ్రాంచే. అందుకని కంప్యూటర్ సైన్స్ నుంచే ఒకావిడని ఎంచుకున్నాను. పేరు గ్రేస్ హాపర్. ఆవిడ చనిపోయి 30 ఏళ్ళు దాటింది.

ఆ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది ఏంటంటే, కంప్యూటర్‌లో దూరిన పురుగుని పట్టుకున్నది ఆవిడే, బగ్ అనే మాట పుట్టించింది కూడా ఆవిడే అని. రెండూ నిజం కాదు. పురుగుని పట్టుకున్నది వేరేవాళ్ళు. బగ్ అనే మాట అంతకు చాలా ముందే ఉంది, 1878 నాటికే ఎడిసన్ వాడారు. కానీ అసలు కథ ఈ పుకారు కన్నా బాగుంటుంది.

ఈ సెమిస్టర్‌లో జావాస్క్రిప్ట్ ఎర్రర్ హ్యాండ్లింగ్ చదువుతున్నాం. ట్రై, క్యాచ్, థ్రో, ఎర్రర్ ఆబ్జెక్ట్ ఇలా వరసగా వస్తాయి. పరీక్షకి నాలుగు డెఫినిషన్లు, ఒక ప్రోగ్రామ్, అంతే. కానీ ఆ చాప్టర్ వెనక ఒక ఆలోచన ఉంది. తప్పు జరిగినప్పుడు దాన్ని తుడిచెయ్యకుండా ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు జరిగిందో రాసి, సరిచెయ్యగలిగేవాళ్ళ చేతికి అందించాలి. ఎర్రర్ ఆబ్జెక్ట్ ఉన్నది ఆ పనికే. హాపర్ జీవితంలో ఎక్కువ భాగం కూడా ఆ పనిలోనే గడిచిందని చదివాక నాకు అనిపించింది.

గడియారాలు విప్పిన పిల్ల

గ్రేస్ బ్రూస్టర్ మర్రే 1906 డిసెంబర్ 9న న్యూయార్క్ నగరంలో పుట్టారు. ముగ్గురు పిల్లల్లో ఆవిడే పెద్ద. నాన్నగారిది ఇన్సూరెన్స్ పని. అమ్మగారికి లెక్కలంటే ఇష్టం. కొడుకుతో సమానంగా కూతుళ్ళు కూడా చదవాలన్నది నాన్నగారి పట్టుదల. ఆ రోజుల్లో అలా అనుకునే తండ్రులు తక్కువే.

ఏడేళ్ళ వయసులో గ్రేస్‌కి అలారం గడియారం ఎలా పనిచేస్తుందో చూడాలనిపించింది. ఒకటి విప్పింది. స్ప్రింగులూ చక్రాలూ బయటపడ్డాయి, మళ్ళీ పెట్టడం రాలేదు. ఎలా పెట్టాలో చూద్దామని ఇంకోటి విప్పింది. అలా అలా ఇంట్లో ఉన్న ఏడు గడియారాలూ విప్పేసింది. వాళ్ళమ్మ తిట్టి వదిలెయ్యలేదు, గడియారాలు దాచెయ్యనూ లేదు. ఇకమీదట నీకు ఒక్క గడియారమే, దాంతోనే ఆడుకో అని హద్దు పెట్టారు. పాడైపోతుందని తెలిసినా ఒకటి మాత్రం విప్పుకోనిచ్చారన్నమాట. ప్రోగ్రామ్‌లో ప్రమాదం ఉన్న ముక్కని వేరు చేసి ట్రై బ్లాక్‌లో పెట్టడం కూడా ఇలాంటిదే. అక్కడ ఏదైనా విరిగితే విరగనీ, మిగతా ఇల్లు మాత్రం నడవాలి.

16 ఏళ్ళకి వాసర్ కాలేజీకి అప్లై చేస్తే సీటు రాలేదు. లాటిన్‌లో మార్కులు తక్కువ. ఒక ఏడాది ఆగి చదువుకుని మళ్ళీ రాస్తే వచ్చింది. 1928లో మ్యాథ్స్, ఫిజిక్స్‌తో డిగ్రీ పూర్తయింది. 1930లో యేల్‌లో మాస్టర్స్. అదే ఏడాది విన్సెంట్ హాపర్‌తో పెళ్ళి, అలా మర్రే పోయి హాపర్ వచ్చింది. 1931 నుంచి వాసర్‌లోనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, ఇంకోపక్క 1934లో యేల్ నుంచి మ్యాథ్స్‌లో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. హాయిగా ప్రొఫెసర్‌గా రిటైర్ అయిపోగలిగే జీవితం అది.

బరువు చాలలేదు

1941 డిసెంబర్‌లో జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. అమెరికా యుద్ధంలోకి దిగింది. హాపర్ వాళ్ళ వంశంలో నేవీ ఉంది, ఒక ముత్తాత నౌకాదళంలో పెద్ద అధికారి. ఆవిడ కూడా నేవీలో చేరతానన్నారు. వద్దన్నారు. ఒకటి, వయసు ఎక్కువ. రెండు, నిబంధన ప్రకారం 120 పౌండ్లు ఉండాలి, ఆవిడ దానికి 15 పౌండ్లు తక్కువ. మూడు, మ్యాథ్స్ ప్రొఫెసర్ అంటే యుద్ధకాలంలో దేశానికి అవసరమైన ఉద్యోగం, అక్కడే ఉండమన్నారు.

ఆవిడ వదల్లేదు. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని 1943 డిసెంబర్‌లో నేవీ రిజర్వ్‌లో చేరారు. ట్రైనింగ్‌లో తనకన్నా చాలా చిన్నవాళ్ళ మధ్య ఉండి బ్యాచ్‌లో ఫస్ట్ వచ్చారు. ఓడ మీదకి పంపుతారనుకుంటే 1944 జూలైలో హార్వర్డ్ యూనివర్సిటీకి పంపారు. అక్కడ హవర్డ్ ఐకెన్ అనే ఆయన దగ్గర ఒక మెషిన్ ఉంది. పేరు మార్క్ 1. పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు ఇంచుమించు 5 టన్నులు. మన ల్యాబ్‌లో పట్టదు. సెకనుకి 3 కూడికలు చేసేది. ఒక గుణకారానికి 6 సెకన్లు పట్టేది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పటికి అది అద్భుతం.

ఐకెన్ ఆవిడకి మొదటి పనిగా ఆర్క్ ట్యాంజెంట్ సిరీస్‌కి కోఎఫిషియెంట్లు లెక్కగట్టమని, అదీ ఒక వారంలోపు ఇమ్మని చెప్పారు. అప్పటిదాకా ఆవిడ కంప్యూటర్ అనేదాన్ని చూసి ఎరగరు. రిచర్డ్ బ్లాక్, రాబర్ట్ క్యాంప్‌బెల్ అనే ఇద్దరు కుర్రాళ్ళు అప్పటికే ఆ మెషిన్‌కి ప్రోగ్రాములు రాస్తున్నారు. వయసులో తనకన్నా చిన్నవాళ్ళైనా వాళ్ళ దగ్గరే నేర్చుకున్నారు.

అక్కడ ప్రోగ్రామ్ అంటే కాగితం టేపులో రంధ్రాలు. ఒక్క రంధ్రం తప్పు చోట పడినా లెక్క మొత్తం తప్పు. ఆ లెక్కలు దేనికంటే, ఫిరంగి గుండు ఎక్కడ పడుతుంది, సముద్రంలో మైన్లని ఎలా ఏరాలి వంటివాటికి. 1944లో వాన్ న్యూమన్ కూడా ఒక లెక్క పట్టుకుని ఈ మెషిన్ దగ్గరకే వచ్చారు. అది అణుబాంబుకి సంబంధించినదని అక్కడివాళ్ళకి యుద్ధం అయిపోయాక గానీ తెలియలేదు. అంటే ఆ గదిలో తప్పు అంకె వస్తే పోయేది మార్కులు కాదు, మనుషులు. అలాంటి చోట తప్పు జరిగితే మెషిన్ ఆగిపోవడమే మంచిది. తప్పు అంకెతో ముందుకి పోవడం కన్నా ఘోరం ఇంకోటి లేదు.

యుద్ధం అయ్యాక, 1946లో ఆ మెషిన్‌ని ఎలా నడపాలో చెప్పే మాన్యువల్ వచ్చింది. 500 పేజీలు దాటిన ఆ పుస్తకంలో ఎక్కువ భాగం హాపర్ రాసిందే.

ఆ పేజీ

ఇప్పుడు పురుగు దగ్గరకి వద్దాం. 1947 నాటికి హార్వర్డ్‌లో మార్క్ 2 అనే ఇంకో మెషిన్ తయారై పరీక్షల్లో ఉంది. అది రిలేలతో నడిచేది. రిలే అంటే కరెంటు వస్తే చిన్న అయస్కాంతం ఒక లోహపు రేకుని లాగి కాంటాక్ట్ కలిపే స్విచ్. ఇన్వర్టర్ మారినప్పుడు టక్ మని శబ్దం వస్తుంది చూడండి, అదే. ఆ రేకుల మధ్య ఏదైనా అడ్డం పడితే కాంటాక్ట్ కలవదు.

సెప్టెంబర్ 9న అక్కడి ఆపరేటర్లు ఎప్పటిలాగే లాగ్‌బుక్ రాస్తున్నారు. ఉదయం 8 గంటలకి ఒక లెక్క మొదలైంది. 10కి ఆగింది. 11కి కొసైన్ టేపు మొదలుపెట్టారు. మధ్యాహ్నం 3:25కి గుణకారం, కూడిక యూనిట్ల టెస్ట్ మొదలైంది. 3:45కి అసలు సంగతి: ప్యానెల్ ఎఫ్, రిలే నంబర్ 70లో పురుగు. రాత్రిపూట లైటు చుట్టూ తిరిగే రెక్కల పురుగు, రిలేలో ఇరుక్కుని చచ్చిపోయింది. వాళ్ళు దాన్ని తీసి పారేసి ఊరుకోలేదు. టేపుతో ఆ పేజీలోనే అతికించారు. అప్పటికే బగ్ అంటే మెషిన్‌లో లోపం అని అందరికీ తెలుసు కాబట్టి, నిజంగానే ఒక బగ్ దొరకడం ఇదే మొదటిసారి అని కింద ఒక జోకు కూడా రాసుకున్నారు. సాయంత్రం 5కి ఆ రోజు పని కట్టేశారు.

దాన్ని తీసింది హాపర్ కాదు. కానీ ఆవిడ ఆ బృందంలో ఉన్నారు. తర్వాత దశాబ్దాల పాటు ఎక్కడ ఉపన్యాసం ఇచ్చినా ఈ కథ చెప్పి, దాన్ని ప్రపంచమంతా పాకించింది ఆవిడే. ఆ పేజీ, దాని మీద పురుగుతో సహా, ఇప్పుడు అమెరికాలో స్మిత్సోనియన్ వారి నేషనల్ మ్యూజియం ఆఫ్ అమెరికన్ హిస్టరీ దగ్గర ఉంది.

ఆ పేజీని ఒకసారి జావాస్క్రిప్ట్ కళ్ళతో చూడండి. ఎర్రర్ ఆబ్జెక్ట్‌లో ముఖ్యంగా ఏముంటాయి? నేమ్, అంటే ఏ రకం తప్పు: టైప్ ఎర్రరా, రేంజ్ ఎర్రరా, రిఫరెన్స్ ఎర్రరా. మెసేజ్, అంటే మనిషి చదివి అర్థం చేసుకునే ఒక వాక్యం. స్టాక్, అంటే ఏ ఫంక్షన్ నుంచి ఏ ఫంక్షన్‌కి వెళ్తూ ఏ ఫైల్‌లో ఏ లైన్ దగ్గర పడిపోయామో చెప్పే దారి. 2022 స్టాండర్డ్ నుంచి కాజ్ కూడా పెట్టొచ్చు, అంటే ఈ తప్పు వెనక ఉన్న అసలు తప్పు. లాగ్‌బుక్ పేజీలో ఇవన్నీ ఉన్నాయి. ఏం నడుస్తుండగా జరిగింది, ఎన్నింటికి, ఏ ప్యానెల్, ఎన్నో రిలే. కాజ్ అయితే ఏకంగా పేజీకే అతికించి ఉంది!

ఇది అర్థమయ్యాక థ్రో తర్వాత ఉత్త స్ట్రింగ్ ఎందుకు రాయకూడదో నాకు ఇంక బట్టీ పట్టక్కర్లేకపోయింది. జావాస్క్రిప్ట్‌లో దేన్నైనా థ్రో చెయ్యొచ్చు, స్ట్రింగ్‌నీ, నంబర్‌నీ కూడా. భాష ఒప్పుకుంటుంది. కానీ స్ట్రింగ్‌కి స్టాక్ ఉండదు. ఏదో తేడాగా ఉంది అని చీటీ రాసి ప్యానెల్ నంబర్ వెయ్యకుండా వెళ్ళిపోయినట్టు. న్యూ ఎర్రర్ అని రాస్తే, ఆబ్జెక్ట్ పుట్టిన క్షణంలోనే టైమ్ వేసి, ప్యానెల్ నంబర్ వేసి, సంతకం పెట్టినట్టు.

మూడు నెలలు కలవని చెక్‌బుక్

1949లో హాపర్ హార్వర్డ్ వదిలి ఫిలడెల్ఫియా వెళ్ళారు. అక్కడ ఎకర్ట్, మాక్లీ అనే ఇద్దరు పెట్టిన కంపెనీ యూనివాక్ అనే కంప్యూటర్ తయారుచేస్తోంది. ఆ రోజులు ఆవిడకి చాలా కష్టమైనవి. 1945లోనే విడాకులయ్యాయి. పని ఒత్తిడి, ఒంటరితనం, వాటితో పాటు తాగుడు. జీవితచరిత్ర రాసినవాళ్ళు ఈ సంగతి దాచలేదు, నేనూ దాచను. స్నేహితులు కలగజేసుకున్నారు, ఆవిడ నిలదొక్కుకున్నారు. ఆవిడ పెద్ద పనులన్నీ దీని తర్వాత చేసినవే.

ఆ కంపెనీలో బైనాక్ అనే మెషిన్ కోసం ఆక్టల్ లెక్కలు చెయ్యాల్సి వచ్చింది. ఆక్టల్ అంటే 8 బేస్, 7 తర్వాత 10 వస్తుంది. కూడికలు, తీసివేతలు, గుణకారాలు అన్నీ ఆక్టల్‌లోనే చేసి చేసి ఆవిడకి అది అలవాటైపోయింది. కొన్నాళ్ళకి బ్యాంకు చెక్‌బుక్‌లో లెక్క కలవడం మానేసింది. మూడు నెలలు చూశారు, కలవలేదు. చివరికి బ్యాంకులో పనిచేసే తమ్ముడి దగ్గరకి తీసుకెళ్తే, ఆయన కూర్చుని చూసి సంగతి పట్టుకున్నారు. అక్కడక్కడా అక్కగారు ఆక్టల్‌లో తీసివేతలు చేసేశారు!

ఉదాహరణకి 52 లోంచి 17 తీసేస్తే మామూలుగా 35. ఆక్టల్‌లో 33. రెండూ చూడ్డానికి శుభ్రమైన అంకెలే. 33 అని రాసి ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది? ఇదే అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు, అరవని తప్పు. రిలేలో పురుగు పడితే టెస్ట్ ఫెయిల్ అవుతుంది. చెక్‌బుక్‌లో మాత్రం ఏమీ ఫెయిల్ కాదు, తప్పు అంకె నిశ్శబ్దంగా కింది లైన్‌కి వెళ్ళిపోతుంది.

విచిత్రం ఏంటంటే అచ్చంగా ఇదే తప్పు జావాస్క్రిప్ట్‌లోనూ ఉండేది. పాత బ్రౌజర్లలో పార్స్‌ఇంట్‌కి ముందు సున్నా ఉన్న స్ట్రింగ్ ఇస్తే ఆక్టల్ అనుకునేది. 07 ఇస్తే 7 వచ్చేది, పర్లేదు. 08 ఇస్తే మాత్రం ఆక్టల్‌లో 8 అనే అంకే లేదు కాబట్టి 0 వచ్చేది. అంటే తేదీ ఫారమ్‌లో జనవరి నుంచి జూలై దాకా అంతా బాగుండేది, ఆగస్టు, సెప్టెంబర్ రాగానే నెల సున్నా అయిపోయేది. ఎర్రర్ రాదు. ఏ క్యాచ్ బ్లాకూ పట్టుకోలేదు. ఎందుకంటే ఎవరూ ఏమీ థ్రో చెయ్యలేదు. 2009లో వచ్చిన ఐదో ఎడిషన్ స్టాండర్డ్‌లో దీన్ని సరిచేశారు. కోడ్‌లో నేరుగా 010 అని రాస్తే ఇప్పటికీ మామూలుగా 8 వస్తుంది, స్ట్రిక్ట్ మోడ్‌లో మాత్రం సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. నోరు లేని తప్పుకి నోరు ఇచ్చారు. విసుక్కునే ముందు ఆ ఎర్రర్‌కి ఒక దండం పెట్టొచ్చు.

ఎవరూ ముట్టుకోని కంపైలర్

హార్వర్డ్‌లో ఉన్నప్పుడే హాపర్, బ్లాక్, క్యాంప్‌బెల్ ఒక అలవాటు చేసుకున్నారు. సరిగ్గా పనిచేసిన కోడ్ ముక్కల్ని నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుని, మళ్ళీ అవసరమైనప్పుడు ఒకరి పుస్తకంలోంచి ఒకరు ఎత్తి రాసుకునేవారు. అంటే కాపీ పేస్ట్, చేత్తో. ఎత్తి రాసేటప్పుడే తప్పులు పడేవి. బి అక్షరం 13లా కనిపించేది. అడ్రస్ నంబర్లు కొత్త చోటికి తగ్గట్టు కూడి మార్చాలి, ఆ కూడికలో ఇంకో తప్పు. మనిషి కాపీ చెయ్యడంలో కూడా, కూడటంలో కూడా మొద్దు అని ఆవిడకి అర్థమైంది. మెషిన్ ఈ రెంటిలోనూ దిట్ట. మరి ఆ పని మెషిన్‌కే ఎందుకు ఇవ్వకూడదు?

అలా 1952 నాటికి ఎ-0 అనే ప్రోగ్రామ్ తయారైంది. మనం కోడ్ ముక్కల నంబర్లు ఇస్తే అది టేపు మీంచి ఆ ముక్కల్ని తెచ్చి, అడ్రస్‌లు సరిచేసి, ఒక్క ప్రోగ్రామ్‌గా కుట్టి ఇచ్చేది. దానికి కంపైలర్ అని పేరు పెట్టారు. ఇప్పుడు మనం కంపైలర్ అనేదానితో పోలిస్తే అది లోడర్, లింకర్ లాంటిది. అయినా ప్రోగ్రామ్ రాసే ప్రోగ్రామ్ అన్న ఆలోచన అప్పటికి కొత్త. కంప్యూటర్లు లెక్కలే చేస్తాయి, ప్రోగ్రాములు రాయలేవని అందరూ కొట్టిపారేశారు. నడుస్తున్న కంపైలర్ చేతిలో ఉంది, వాడేవాళ్ళు లేరు. చాలాకాలం అలాగే గడిచింది.

నాకు ఇక్కడ నచ్చింది ఏంటంటే, ఆవిడ తప్పు చేసిన మనిషిని పట్టుకోలేదు, తప్పు పుట్టే చోటుని పట్టుకుంది. ఎవరు తప్పు రాశారు అని వెతికితే ఒకరికి తిట్లు పడతాయి, వారం తర్వాత ఇంకొకరు అదే తప్పు చేస్తారు. తప్పు ఎక్కడ పుడుతోంది అని వెతికితే కంపైలర్ వచ్చింది.

ఫ్రెంచిలో, జర్మన్‌లో

ఆ తర్వాత ఆవిడ దృష్టి భాష మీద పడింది. జీతాలు, స్టాకు లెక్కలు చూసుకునే మామూలు ఆఫీసు వాళ్ళకి గణిత చిహ్నాలంటే భయం. వాళ్ళు మాటల్లో రాస్తే మెషిన్ అర్థం చేసుకోవాలి అన్నారు. ఫ్లో-మ్యాటిక్ అనే భాష అలా వచ్చింది, ఇంగ్లీష్ మాటలతో నడిచేది. మేనేజ్‌మెంట్‌కి చూపించడానికి చిన్న ప్రోగ్రామ్ రాసి, అదే ప్రోగ్రామ్‌ని ఫ్రెంచి మాటలతో, జర్మన్ మాటలతో కూడా నడిపి చూపించారు. మెషిన్‌కి అన్నీ ఒకటే, మాట అంటే దానికి ఒక గుర్తు, అంతే. కానీ పెద్దమనుషులు కంగారుపడ్డారు. అమెరికాలో, పెన్సిల్వేనియాలో తయారైన కంప్యూటర్‌కి ఫ్రెంచి, జర్మన్ ఎలా వస్తాయి, కుదరదు అన్నారు! చివరికి ఇంగ్లీష్ ఒక్కటే అని మాటిస్తే గానీ పని ముందుకి కదల్లేదు.

సాహిత్య క్లబ్ పత్రికలో ఈ మాట చెప్పకపోతే ఎలా? మన భాషకి కూడా దారి ఉంది. జావాస్క్రిప్ట్‌లో కీవర్డ్‌లు ఇంగ్లీషే గానీ, మనం పెట్టుకునే పేర్లు తెలుగులో ఉండొచ్చు. తేదీతప్పు అని ఒక క్లాస్ రాసి దాన్ని ఎర్రర్ నుంచి ఎక్స్‌టెండ్ చేస్తే చక్కగా నడుస్తుంది. ఎర్రర్ మెసేజ్ అయితే నిక్షేపంగా తెలుగులో రాయొచ్చు. ఒకటే జాగ్రత్త, కోడ్ నిర్ణయం తీసుకోవాల్సింది ఎర్రర్ రకాన్ని చూసి, మెసేజ్ వాక్యాన్ని చూసి కాదు. ఒకే టైప్ ఎర్రర్‌కి క్రోమ్ ఒక వాక్యం ఇస్తుంది, ఫైర్‌ఫాక్స్ ఇంకో వాక్యం ఇస్తుంది. రకం మెషిన్ కోసం, మెసేజ్ మనిషి కోసం. ఆ మనిషి మన ఊళ్ళో రేషన్ దరఖాస్తు నింపుతున్న పెద్దాయన అయితే, పుట్టిన తేదీలో నెల 12 దాటకూడదండీ అని తెలుగులో చెప్తే సరిచేసుకుంటాడు. అన్‌డిఫైన్డ్ అని చూపిస్తే ఏం చేసుకుంటాడు?

కోబాల్

1959లో అమెరికా రక్షణశాఖ ఆధ్వర్యంలో, అన్ని కంపెనీల మెషిన్ల మీదా నడిచే ఒక వ్యాపార భాష కావాలని కమిటీ కూర్చుంది. అదే కోబాల్. హాపర్‌ని కోబాల్ తల్లి అంటుంటారు. నిజానికి భాష రాసింది కమిటీ, అందులో జీన్ సామెట్ లాంటివాళ్ళ కష్టం చాలా ఉంది. హాపర్ సలహాదారు. కానీ ఆ భాషకి ముఖ్యమైన ఆధారం ఆవిడ ఫ్లో-మ్యాటిక్. 1960 డిసెంబర్‌లో ఒకే కోబాల్ ప్రోగ్రామ్ రెండు వేర్వేరు కంపెనీల కంప్యూటర్ల మీద నడిచింది.

కోబాల్‌లో మన సబ్జెక్ట్‌కి దగ్గరైన సంగతి ఒకటుంది. లెక్క చేసే వాక్యం పక్కనే ఆన్ సైజ్ ఎర్రర్ అని రాయొచ్చు. జవాబు కేటాయించిన చోటులో పట్టకపోతే ఈ పని చెయ్యి అని అర్థం. మూడంకెలకి చోటిచ్చి 999కి 1 కలిపారనుకోండి. సైజ్ ఎర్రర్ రాసి ఉంటే ప్రోగ్రామ్ అటు వెళ్తుంది. రాయకపోతే ముందు అంకె ఎగిరిపోయి 000 మిగులుతుంది, ప్రోగ్రామ్ హాయిగా ముందుకి పోతుంది. ఒకరి జీతంలోంచి వెయ్యి మాయం, చెక్‌బుక్ కథే మళ్ళీ. తప్పు జరిగితే ఏం చెయ్యాలో లెక్క పక్కనే రాసే వీలు 1960 నాటి భాషలోనే ఉంది. 1995లో పుట్టిన జావాస్క్రిప్ట్‌లో మొదట్లో ట్రై, క్యాచ్ లేనే లేవు, 1999 డిసెంబర్‌లో వచ్చిన మూడో ఎడిషన్ దాకా స్టాండర్డ్‌లోకి రాలేదు.

వదలని నేవీ

ఇదంతా చేస్తూనే హాపర్ నేవీ రిజర్వ్‌లో కొనసాగారు. 60 ఏళ్ళు వచ్చాయి కాబట్టి 1966 చివర్లో రిటైర్ చేశారు. ఏడు నెలలు తిరగ్గానే, 1967 ఆగస్టులో, నేవీ మళ్ళీ పిలిచింది, ఆరు నెలలు వచ్చి మా కోబాల్‌ని ఒక దారిలో పెట్టండి అని. ఒక్కో కంపెనీ కోబాల్ ఒక్కోలా ప్రవర్తిస్తోంది. ఏ కంపైలర్ స్టాండర్డ్ ప్రకారం ఉందో, ఏది లేదో పరీక్షించే టెస్ట్ ప్రోగ్రాములు ఆవిడ బృందం తయారుచేసింది. తప్పులు పట్టే కంపైలర్‌లోనే తప్పులు పట్టడమన్నమాట. ఆ ఆరు నెలలు దాదాపు 19 ఏళ్ళు సాగాయి.

1973లో కెప్టెన్. 1983లో కమొడోర్, 1985లో ఆ హోదా పేరు మారి రియర్ అడ్మిరల్. ఈలోపు ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చేవారు. దాదాపు అడుగు పొడవున్న వైరు ముక్కలు సంచిలో తెచ్చి అందరికీ పంచేవారు, ఒక నానోసెకనులో కరెంటు అంతకన్నా దూరం పోలేదని చేతికిచ్చి చూపించడానికి. ఆఫీసులో వెనక్కి తిరిగే గోడ గడియారం ఉండేది. ఎప్పుడూ ఇలాగే చేశాం కాబట్టి ఇలాగే చేద్దాం అనేవాళ్ళకి ఆ గడియారమే జవాబు.

1986 ఆగస్టు 14న బోస్టన్‌లో, యూఎస్ఎస్ కాన్‌స్టిట్యూషన్ అనే పాత చారిత్రక ఓడ మీద ఆవిడకి వీడ్కోలు జరిగింది. అప్పటికి 79 ఏళ్ళు. ఆ తర్వాత కూడా ఊరికే కూర్చోలేదు, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో సలహాదారుగా చేరారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఆర్లింగ్టన్ సైనిక స్మశానంలో పూర్తి లాంఛనాలతో ఖననం చేశారు. ఆవిడ పేరు మీద యూఎస్ఎస్ హాపర్ అనే యుద్ధనౌక ఉంది. కావాలని పెట్టింది కాకపోయినా, ఆ నౌక నంబర్ కూడా 70. 2016లో అమెరికా ప్రభుత్వం ఆవిడకి మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చింది.

మన రికార్డుల సంగతి

ఇంత రాశాక నాకు మన ల్యాబ్ రికార్డులే గుర్తొస్తున్నాయి. అబ్జర్వేషన్‌లో ఒక రాత, రికార్డ్‌లో ఒక రాత. రికార్డ్‌లో ఎయిమ్, ప్రోగ్రామ్, అవుట్‌పుట్, చివర్లో రిజల్ట్ వెరిఫైడ్. ఏ కాలేజీ రికార్డ్ తిరగేసినా ఒక్క ఎర్రర్ కనపడదు. 60 మంది రికార్డుల్లో 60 పర్ఫెక్ట్ అవుట్‌పుట్‌లు. ఎక్కడ ఆగిపోయాం, ఏ మెసేజ్ వచ్చింది, రెండు గంటలు పోయాక కారణం ఏం తేలింది, ఇవేవీ ఉండవు. కొట్టివేత కనపడితే మార్కులు పోతాయని వైట్‌నర్ కొనుక్కుంటాం. అంటే నేర్చుకున్నది మొత్తం చెరిపేసి, నేర్చుకున్నట్టు కనిపించేది మాత్రం సబ్మిట్ చేస్తున్నాం. కోడ్‌లో ఖాళీ క్యాచ్ బ్లాక్ ఇదే. ఎర్రర్ వచ్చింది, పట్టుకున్నాం, లోపల ఏమీ రాయలేదు, బ్రాకెట్ మూసేశాం. స్క్రీన్ శుభ్రంగా ఉంటుంది, డేటా మాత్రం కుళ్ళిపోతుంది.

ఇంట్లో కూడా అంతే అనిపిస్తుంది. సబ్జెక్ట్ పోయిందని ఇంట్లో చెప్పలేక నెలల తరబడి లోపలే మోసేవాళ్ళు ప్రతి హాస్టల్‌లో ఉంటారు. పట్టుకునేవాళ్ళు ఉన్నారన్న నమ్మకం ఉంటేనే ఎవరైనా థ్రో చేస్తారు. పైన క్యాచ్ లేకపోతే ప్రోగ్రామ్ మొత్తం పడిపోతుందని మనకి తెలుసు కదా. కాబట్టి స్నేహితుడు వచ్చి తన ఎర్రర్ చెప్తే, వెంటనే నవ్వకుండా, తిట్టకుండా, ఏ ప్యానెల్, ఎన్నో రిలే అని అడుగుదాం.

హార్వర్డ్‌లో ఆ రోజు ఆపరేటర్లు పురుగుని ఊదేసి, మధ్యాహ్నం టెస్ట్ పూర్తయింది అని ఒక లైన్ రాసి ఊరుకుని ఉంటే పేజీ ఎంతో నీట్‌గా ఉండేది, మ్యూజియంకి మాత్రం వెళ్ళేది కాదు. ఈ సెమిస్టర్ ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో ఎదురైన ఎర్రర్లు అని ఒక పేజీ పెడదామని మా టీమ్‌లో అనుకున్నాం: రకం, మెసేజ్, ఎక్కడ, అసలు కారణం, ఈ నాలుగు కాలమ్‌లతో. మార్కులు వేస్తారో లేదో చూడాలి. మీ టీమ్‌లోనూ పెట్టి చూడండి, మన జూనియర్లకి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే పేజీ అదే అవుతుంది.